ఆగస్టు 29 పేజీ రాసేముందు

‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక నడపడం పైకి తేలిక పనిలా కనిపిస్తుంది. నాలుగు చోట్ల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి అతికించి, కింద రెండు పుట్టినరోజులు, ఒక దినోత్సవం చేరిస్తే చాలనుకుంటారు. బడిలో ప్రార్థన సమయంలో చదివే కాగితమైనా, పొద్దున్నే వాట్సాప్‌లో తిరిగే సందేశమైనా, పత్రికలో ఓ మూల గడి నింపే అంశమైనా ఎక్కువగా ఇలాగే తయారవుతుంది. అందుకే ఒకచోట దొర్లిన తప్పు పదేళ్లయినా చావదు.

సంవత్సరం పొరపాటైతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుబడనిది మరో రకం తప్పు: తేదీ నిజమే, మనిషి నిజమే, కానీ ఆ రోజు జరిగిందని రాసిన పని మాత్రం ఆ రోజు జరగలేదు. ఆగస్టు 29నే తీసుకుందాం. తెలుగువాళ్లకు దగ్గరి తేదీ, పైగా తప్పులు పొంచి ఉండే చోట్లన్నీ ఇందులో ఉన్నాయి.

మొదట గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజునే ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. ‘శ్రీకాకుళం జిల్లాలో జన్మించారు’ అని రాసేస్తుంటాం, కానీ అప్పటికి ఆ జిల్లానే లేదు. 1950లో విశాఖపట్నం నుంచి విడదీస్తే ఏర్పడింది. ‘ఇప్పటి శ్రీకాకుళం జిల్లా’ అని ఒక్క మాట కలిపితే సరిపోతుంది. ఆయన పాఠాలు చెప్పిన పర్లాకిమిడికీ ఇదే వర్తిస్తుంది. అది ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఇదే పేజీలో ముందు రాబోయే ఊళ్లూ అంతే: ధ్యాన్‌చంద్ పుట్టిన అలహాబాద్ 2018 నుంచి ప్రయాగ్‌రాజ్, కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్ 2007 నుంచి సెమేయ్. ఊరికి ఆనాటి పేరు రాసి, పక్కన ‘ఇప్పటి ఫలానా’ అనడమే మంచి పద్ధతి. రెంటిలో ఒకటే రాయాల్సి వస్తే ఆనాటిదే ఉంచాలి.

గిడుగు గురించి అందరూ రాసే వాక్యం ‘వ్యావహారిక భాషోద్యమ పితామహుడు’. తప్పేం లేదు, కానీ వినేవాడికి ఏమీ అందదు. పాఠ్యపుస్తకాల్లోకి, పరీక్షల్లోకి, పత్రికల్లోకి జనం మాట్లాడే తెలుగు రావాలని గురజాడతో, అప్పటి విద్యాశాఖ అధికారి జె.ఎ. యేట్స్‌తో కలిసి పోరాడారని రాస్తే పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఇంకాస్త చోటుంటే సవర గిరిజనుల భాష సంగతి తప్పక చేర్చాలి. ఆ మనుషుల దగ్గరే ఆ భాష నేర్చుకుని దానికి వాచకాలు రాశారు. ఆయన తయారుచేసిన సవర భాషా మాన్యువల్‌ను మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం 1931లో అచ్చువేసింది. తెలుగు భాషా దినోత్సవం రోజున ఈ విషయం వదిలేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

దినోత్సవం పేరు దగ్గర ఒక జాగ్రత్త అవసరం. ఆగస్టు 29 ‘ప్రపంచ’ దినోత్సవమూ కాదు, ‘మాతృభాషా’ దినోత్సవమూ కాదు. అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం ఫిబ్రవరి 21న, 1999లో యునెస్కో ప్రకటించినది. తెలంగాణలో భాషా దినోత్సవం కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9న. ఈ మూడింటినీ కలగలిపే సందేశాలు ఏటా వస్తుంటాయి. నివారణ తేలికే. ప్రతి దినోత్సవం పక్కన ‘ఎవరు ప్రకటించారు, ఎక్కడ వర్తిస్తుంది’ అని ఒక గడి పెట్టుకోండి. ఆ గడి ఖాళీగా మిగిలిన దినోత్సవాన్ని పట్టికలోకి ఎక్కించకండి.

రెండోది జాతీయ క్రీడా దినోత్సవం. హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ 1905 ఆగస్టు 29న పుట్టారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్, 1932 లాస్ ఏంజెలిస్, 1936 బెర్లిన్, వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు. 2012 నుంచి ఈ రోజును జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుతున్నారు. ఇక్కడ తప్పు ఎక్కడ వస్తుందంటే ‘ఈ రోజు రాష్ట్రపతి భవన్‌లో జాతీయ క్రీడా పురస్కారాలు అందజేస్తారు’ అన్న వాక్యం దగ్గర. చాలా ఏళ్లు అది నిజం. 2021లో ఆ కార్యక్రమం నవంబర్‌కు జరిగింది. 2023 పురస్కారాలను 2024 జనవరిలో ఇచ్చారు. పాత పట్టికను దించుకున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ ‘ఈ రోజే’ అంటున్నారు. ‘ఏటా’ అన్న మాట కనిపించిన ప్రతి వాక్యాన్నీ ఆ ఏడాదికి మళ్లీ సరిచూడాలి.

ఖేల్‌రత్నకు ధ్యాన్‌చంద్ పేరు పెడుతున్నట్టు ప్రకటించింది 2021 ఆగస్టు 6న, 29న కాదు. ఫిట్ ఇండియా ఉద్యమం మాత్రం నిజంగానే 2019 ఆగస్టు 29న మొదలైంది. బెర్లిన్ ఫైనల్లో జర్మనీని 8–1తో ఓడించిన రోజు 1936 ఆగస్టు 15. వాన వల్ల ఒక రోజు వాయిదా పడి ఆ తేదీకి వచ్చింది. ఇది 29 పేజీలోకి రాదు, 15 పేజీకి పంపాలి. హిట్లర్ ఆయనకు సైన్యంలో ఉద్యోగం ఇస్తానన్న కథ ఏ పేజీకీ పంపక్కర్లేదు. చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, తేదీల పట్టికలో నిలబెట్టేంత ఆధారం దానికి లేదు.

మూడోది రాజ్యాంగ ముసాయిదా కమిటీ. మొదట్లో చెప్పిన తప్పుకు ఇది సరైన ఉదాహరణ. ‘1947 ఆగస్టు 29: అంబేద్కర్ ముసాయిదా కమిటీ అధ్యక్షుడయ్యారు’ అని ఎక్కడ చూసినా ఉంటుంది. ఆ రోజు రాజ్యాంగ సభ చేసింది కమిటీని ఏర్పాటు చేస్తూ తీర్మానించడం. కమిటీ మొదటిసారి కూర్చుని అంబేద్కర్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నది మర్నాడు, ఆగస్టు 30న. వాక్యాన్ని ‘ఏడుగురు సభ్యులతో ముసాయిదా కమిటీ ఏర్పాటు’ అని మారిస్తే సరిపోతుంది, అధ్యక్షుడి ఎన్నిక 30వ తేదీ పేజీకి వెళ్తుంది. ఆ ఏడుగురిలో అల్లాది కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టినవారని తెలుగు పాఠకుడికి చెప్పడం నా దృష్టిలో పనికొచ్చే ముక్క. తర్వాత బి.ఎల్. మిట్టర్ స్థానంలో ఎన్. మాధవరావు వచ్చారు.

ఇలాంటి వాటికి నా దగ్గరున్న పరీక్ష ఒకటే: క్రియను చూడటం. ఏర్పడింది, ప్రకటించింది, ఆమోదించింది, అమల్లోకి వచ్చింది, ప్రారంభమైంది, ఈ అయిదూ అయిదు వేర్వేరు తేదీలు కావచ్చు. కంపెనీల విషయంలో మరీను. నెట్‌ఫ్లిక్స్ 1997 ఆగస్టు 29న పుట్టిందంటారు. అది కంపెనీగా నమోదైన రోజు. డీవీడీలు అద్దెకిచ్చే సైటు తెరిచింది 1998 ఏప్రిల్‌లో. ‘ఆ రోజు నుంచి సినిమాలు చూపిస్తోంది’ అని రాస్తే తేదీ సరైనదే, వాక్యం తప్పు.

ఈ తేదీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1831 నాటి ఫారడే ప్రయోగం. సాధారణంగా ‘విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు’ అని ముగించేస్తారు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫారడే రాసుకున్న ప్రయోగశాల దినచర్యలో ఆ రోజు ఏం చేశాడో కొలతలతో సహా ఉంది. మెత్తని ఇనుప కడ్డీతో చేయించిన ఉంగరం లాంటి చట్రం. కడ్డీ మందం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు, ఉంగరం బయటి వ్యాసం 6 అంగుళాలు. ఒక సగానికి రాగితీగ చుట్టలు, వాటికీ ఇనుముకీ మధ్య నూలుగుడ్డ, దారం. కాస్త ఎడం వదిలి రెండో సగానికి ఇంకో తీగచుట్ట. ఈ రెండో చుట్ట కొసలు కలిపిన రాగితీగను ఉంగరానికి మూడడుగుల దూరంలో ఒక అయస్కాంత సూది మీదుగా పోనిచ్చాడు. మొదటి చుట్టను బ్యాటరీకి కలపగానే సూది కదిలింది, ఊగింది, మళ్లీ పాత చోటికే వచ్చి ఆగింది. బ్యాటరీ తీసేయగానే మళ్లీ కదిలింది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ సూదిలో చలనం లేదు. కలిపేటప్పుడు, విడదీసేటప్పుడు మాత్రమే. అంటే అయస్కాంత ప్రభావం మారుతున్నప్పుడే రెండో తీగలో కరెంటు పుడుతోంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఈ సూత్రం మీదే.

ఇక్కడా పక్క తేదీలు చొరబడుతుంటాయి. తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోసి, బయటికి లాగి కరెంటు పుట్టించింది అదే ఏడాది అక్టోబర్ 17న. రాగి పళ్లేన్ని అయస్కాంతం మధ్య తిప్పి నిరంతరంగా కరెంటు తీసింది అక్టోబర్ 28న. రాయల్ సొసైటీకి నివేదించింది నవంబర్ 24న. బడి పుస్తకంలో బొమ్మగా కనిపించే అయస్కాంతం–తీగచుట్ట ప్రయోగాన్ని ఆగస్టు 29కి అంటగట్టడం అన్నిచోట్లా కనిపించే పొరపాటే. సైన్సు మాస్టారు చేసి చూపించాలనుకుంటే ఈ రోజున చూపించాల్సింది ఉంగరం ప్రయోగం.

ఇక గడియారం వల్ల వచ్చే చిక్కులు. సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబును సెమిపలాటిన్స్క్ దగ్గర 1949 ఆగస్టు 29 ఉదయం 7 గంటలకు పేల్చింది. ఆ క్షణాన వాషింగ్టన్‌లో ఇంకా 28వ తేదీ రాత్రి. అదే పరీక్షా స్థలాన్ని 1991 ఆగస్టు 29న మూసేశారు. ఈ రెండు కారణాల చేత ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2009 డిసెంబర్ 2న 64/35 తీర్మానంతో ఆగస్టు 29ని అణుపరీక్షల వ్యతిరేక అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. మొదటిసారి జరిపింది 2010లో. పట్టికలో ‘2009 నుంచి జరుపుతున్నారు’ అని ఉంటే దిద్దుకోండి.

సూత్రం ఏమిటంటే, సంఘటన జరిగిన చోటి తేదీనే తేదీ. మనకు వార్త అందిన తేదీ లెక్కలోకి రాదు. ఆగస్టు 29నే పుట్టిన (1958) మైకేల్ జాక్సన్ మరణం దీనికి ఉదాహరణ. లాస్ ఏంజెలిస్‌లో 2009 జూన్ 25 మధ్యాహ్నం 2:26కి మరణాన్ని ప్రకటించారు. మన గడియారంలో అప్పటికి 26వ తేదీ తెల్లవారుజాము 2:56. మన వాళ్లకు గుర్తున్నది 26. రాయాల్సింది 25. అమెరికా పడమటి తీరం వేసవిలో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, శీతకాలంలో పదమూడున్నర. అక్కడ మధ్యాహ్నం జరిగినవన్నీ మనకు మర్నాడే.

పలు రోజులు సాగే సంఘటనలకు గడియారం కాదు, హద్దు కావాలి. కత్రినా తుపాను 2005 ఆగస్టు 29 పొద్దున లూసియానా తీరాన్ని తాకింది, న్యూ ఆర్లీన్స్ కరకట్టలు తెగింది అప్పుడే. ‘కత్రినా మొదటిసారి తీరం దాటిన రోజు’ అని మాత్రం రాయకూడదు. అది ఆగస్టు 25న, ఫ్లోరిడాలో. అమెరికా అంతరిక్ష నౌక జెమిని 5 కూడా ఇంతే. 1965 ఆగస్టు 21న పైకి వెళ్లింది, 29న సముద్రంలో దిగింది. 29 పేజీలో ‘తిరిగొచ్చింది’ అనే ఉండాలి.

గడియారం కంటే పెద్ద గొడవ కేలండర్లది. తత్వవేత్త జాన్ లాక్ 1632 ఆగస్టు 29న పుట్టాడంటాం. ఇంగ్లండ్ అప్పటికి జూలియన్ అనే పాత కేలండర్‌లో ఉంది. ఆ శతాబ్దంలో తేడా 10 రోజులు, కాబట్టి మన లెక్కన అది సెప్టెంబర్ 8. ఇంగ్లండ్ 1752లో సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా 14కి దూకి కొత్త లెక్కకు మారింది. అంతకు ముందు పుట్టిన ఆంగ్లేయులకు రెండు తేదీలు తిరుగుతుంటే ఒకటి తప్పు, ఇంకొకటి ఒప్పు అనుకోనక్కర్లేదు. లాక్ విషయంలో పాత లెక్కన 29 రాయడమే ఆనవాయితీ. పక్కన ‘పాత కేలండర్’ అని చిన్న గుర్తు పెట్టండి, చాలు. కొత్త కేలండర్ పుట్టిన 1582కు ముందువి ఎలాగూ అందరూ జూలియన్‌లోనే రాస్తారు. 1526 ఆగస్టు 29న హంగరీలో జరిగిన మొహాచ్ యుద్ధం, అదే ఏడాది ఏప్రిల్ 21 నాటి పానిపట్టు యుద్ధం రెండూ అలాగే వాడుకలో ఉన్నాయి. వాటిని మార్చబోతే లేని తగాదా తెచ్చుకున్నట్టే.

బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేద స్మరణ కూడా ఈ తేదీదే. రష్యా సంప్రదాయ చర్చి జూలియన్ లెక్క పాటిస్తుంది కనుక, వాళ్ల ఆగస్టు 29 మన గోడ కేలండర్‌లో సెప్టెంబర్ 11. కవి కాజీ నజ్రుల్ ఇస్లాం 1976 ఆగస్టు 29న ఢాకాలో చనిపోయారు. బెంగాలీ లెక్కన ఆ రోజు భాద్రం 12. తర్వాత బంగ్లాదేశ్ తన కేలండర్‌ను సవరించుకోవడంతో అక్కడ భాద్రం 12 ఆగస్టు 27న పడుతుంది, వర్ధంతి కూడా అప్పుడే జరుపుతారు. మన పట్టికలో మరణం 29న, అక్కడి స్మరణ 27న, రెండూ నిజమే.

మన తిథుల పండుగలను తేదీ పేజీలోకి అసలు రానివ్వకూడదు. 2014లో వినాయక చవితి ఆగస్టు 29న వచ్చింది. 2023లో తిరువోణం (ఓణం పండుగలో ముఖ్యమైన రోజు) అదే తేదీన. ఆ ఏడాది రాసిన పట్టికను ఎవరో దించుకుని, వేరే ఏడాది ‘ఈ రోజు వినాయక చవితి’ అని పంపితే పండుగ ఎప్పుడో అయిపోయో, ఇంకా రాకో ఉంటుంది. తిథి పండుగలకు వేరే కాగితం పెట్టుకుని, ఏటా ఉగాదికి కొత్త పంచాంగం చూసి నింపుకోవాలి.

పాత తెలుగువాళ్ల జీవిత చరిత్రల్లో తేదీకి బదులు సంవత్సరం పేరు, మాసం, తిథి ఉంటాయి. ఇంగ్లీషు తేదీకి మార్చేటప్పుడు రెండు గుంతలు. అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది. 1863–64 రుధిరోద్గారి, 1923–24 కూడా రుధిరోద్గారే. రెండోది, ఆ సంవత్సరం ఉగాది నుంచి ఉగాది వరకు. గిడుగు చనిపోయింది 1940 జనవరి 22న. అది 1939 ఉగాదికి మొదలైన ప్రమాథి నామ సంవత్సరం. ‘ప్రమాథి అంటే 1939’ అని గుడ్డిగా మారిస్తే ఏడాది తేడా వచ్చేస్తుంది. పుష్యం, మాఘం, ఫాల్గుణం అని కనిపిస్తే ఆగి చూసుకోవాలి.

వారం పేరు దొరికితే అదే మంచి తూకపురాయి. ఆగస్టు 29 ఎప్పుడూ ఆగస్టు 15 పడిన వారమే పడుతుంది, మధ్యన సరిగ్గా 14 రోజులు. 1947 ఆగస్టు 15 శుక్రవారం కనుక ముసాయిదా కమిటీ ఏర్పడినదీ శుక్రవారమే. 1863 ఆగస్టు 29 శనివారం, 1905లో మంగళవారం, 1831లో సోమవారం. పుస్తకంలో తేదీ, వారం రెండూ ఇచ్చి అవి కలవకపోతే ఎక్కడో అచ్చుతప్పు ఉన్నట్టే. అయితే మన పెద్దలు రోజును సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు పుట్టినవాళ్లకు వారం ఒకటి వెనక ఉంటే కంగారుపడక్కర్లేదు.

ఎన్నవది అన్న లెక్క దగ్గర బల్ల మీద వేళ్లు మడిచేవాళ్లే అందరూ. జయంతికి తీసివేత ఒక్కటే: 2026లో గిడుగుది 163వ జయంతి, ధ్యాన్‌చంద్‌ది 121వది. స్వాతంత్ర్య దినోత్సవం మాత్రం 1947ను మొదటిదిగా పెట్టి లెక్కిస్తారు. అందుకే 2025లో జరిగింది 79వది, నిండినవి 78 ఏళ్లు. ఈ రెండు పద్ధతులూ కలిపేస్తే ముసాయిదా కమిటీకి ఒక ఏడాది ఎక్కువ వచ్చి కూర్చుంటుంది. సందేహం ఉంటే ‘నేటికి ఇన్నేళ్లు’ అని నిండిన సంఖ్య రాయడం మేలు.

ఇన్ని ఉన్నాయి గనుక అన్నీ ఎక్కించకండి. ప్రార్థన సమయంలో చదివేదైతే రెండు నిమిషాలకు మించకూడదు, అంటే నిదానంగా చదివితే నూట అరవై, నూట ఎనభై మాటలు. అయిదు అంశాలు, ఒక్కోదానికి ముప్పై మాటల లోపు. నేనైతే గిడుగు, ధ్యాన్‌చంద్, ముసాయిదా కమిటీ, ఫారడే, అణుపరీక్షల దినం ఉంచుతాను. పెద్దవాళ్లు చదివే పేజీ అయితే బ్రిటన్, చైనాల మధ్య జరిగిన నాన్‌కింగ్ సంధి (1842) చేరుస్తాను, హాంకాంగ్ బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లింది దానితోనే. సినిమా నటి ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ కూడా వస్తుంది: 1915 ఆగస్టు 29న స్టాక్‌హోంలో పుట్టి, 1982 ఆగస్టు 29న లండన్‌లో చనిపోయింది. ఇలాంటి వరస కనిపిస్తే సాధారణంగా అచ్చుతప్పని అనుమానించాలి గానీ, ఇది నిజం.

సినిమా పుట్టినరోజులు లేకపోతే మన పాఠకుడు ఊరుకోడు. అక్కినేని నాగార్జున 1959లో, విశాల్ 1977లో ఈ రోజునే పుట్టారు. నందమూరి హరికృష్ణ 2018లో ఇదే రోజున నల్గొండ జిల్లాలో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. జయంతి, వర్ధంతి, పుట్టినరోజు మూడింటికీ మూడు వేర్వేరు పేరాలు పెట్టండి. ఒకే వరుసలో పోస్తే బతికున్న మనిషి పేరు పక్కన ‘జయంతి’ వచ్చి పడుతుంది, ఆయన అభిమానులు ఊరుకోరు.

పేజీ ఒకసారి తయారైతే ప్రతి అంశానికీ చివరిసారి సరిచూసిన తేదీ వేసి దాచుకోండి. మళ్లీ ఆగస్టు 20 ప్రాంతంలో తీసి మూడు చూడాలి: జయంతి సంఖ్యలు ఒకటి పెంచారా, ‘ఏటా’ అన్న వాక్యాలు ఈ ఏడాదికీ నిజమేనా, పుట్టినరోజుల పేరాలో ఉన్నవాళ్లంతా ఇంకా ఆ పేరాలోనే ఉండాలా. మూడోది 29 పొద్దున అచ్చుకు వెళ్లేముందు ఇంకోసారి చూడండి.